తప్పు ట్రాక్టరుది, కోత నాది

కార్తీక పౌర్ణమి నాడు సూర్యలంకకు కారులో వెళ్ళవద్దని మా ఇంట్లో పెద్దలు ఏటా చెబుతారు. ఒక ఏడు వినలేదు. బాపట్ల నుంచి తీరానికి తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది. ఆ తెల్లవారుజామున అంత చిన్న దూరానికి గంటన్నర పట్టింది. సరుగుడు తోపు పక్కన బండి నిలిపి, స్నానం చేసి, దీపం వదిలి తిరిగి వచ్చేసరికి ఒక ట్రాక్టరు వెనక్కి నడిచి వచ్చి నా కారు బంపరును, డిక్కీ తలుపును నొక్కివేసి ఉంది. స్టీరింగు దగ్గర ఉన్న కుర్రవాడికి మీసం కూడా సరిగా రాలేదు. "చూసుకోలేదు బాబాయ్" అన్నాడు. వెనుక ట్రక్కులో పాతికమంది ఆడవాళ్ళు తడిబట్టలతో వణుకుతున్నారు. లైసెన్సు లేదు, బండికి బీమా గడువు ఎప్పుడో దాటిపోయింది. వాళ్ళను నడిరోడ్డు మీద నిలబెట్టి పంచాయితీ పెట్టడానికి మనసొప్పలేదు. పొమ్మన్నాను.

అంతవరకైతే ఈ టపా రాయవలసిన పని లేదు. రాయించినది ఆ తరువాతి లెక్క.

టింకరింగు, రంగు, కొత్త బంపరు కలిసి 9,600 రూపాయలయింది. పాలసీ ప్రకారం మొదటి వెయ్యి నేనే భరించాలి. ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. అన్నీ పోగా చేతికి వచ్చినది 5,700. అయిదేళ్ళుగా ఒక్క క్లెయిమూ చేయని కారణంగా నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉండేది. అంటే సొంత నష్టం పద్దులో 8,000 కట్టవలసిన చోట 4,000 కట్టేవాడిని. మరుసటి ఏడు ఆ బోనసు సున్నా అయింది. మళ్ళీ మొదటి మెట్టు నుంచి 20, 25, 35, 45 శాతాలు ఎక్కుతూ 50కి చేరాలి. ప్రీమియం మారదనుకుని కాగితం మీద వేసి చూశాను: అదనంగా 4,000, 2,400, 2,000, 1,200, 400. మొత్తం పదివేలు. 5,700 పుచ్చుకున్నందుకు పదివేలు! తప్పు ఎవరిదో అడిగే గడి ఆ దరఖాస్తులో ఎక్కడా ప్రీమియంతో ముడిపడి లేదు.

"అవతలి వాడి మీద వేయకపోయావా?" అంటారు. వేయవచ్చు. మోటారు ప్రమాద నష్టపరిహార ట్రిబ్యునల్ ఉంది, వకీలు ఉన్నాడు, వాయిదాలు ఉన్నాయి. పైగా బీమా లేని ట్రాక్టరు. బంపరు కోసం ఏ బుద్ధిమంతుడు అంత దూరం వెళతాడు?

మా వీధిలో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన బండి మీద వచ్చిన చలానాలు అచ్చువేస్తే చిన్న శతకమవుతుంది: అతివేగం, ఎర్రదీపం, చెవిలో ఫోను. ఒకసారి రేపల్లె దారిలో గేదెను గుద్ది, యజమానితో బేరమాడి, అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టి వచ్చారు. క్లెయిమ్ చేయలేదు కనుక బీమా వారి దృష్టిలో ఆయన ధర్మరాజు. ఆయన బోనసు నిక్షేపంగా 50 శాతం. ఈ బోనసు జాగ్రత్తగా నడిపినవాడికి కాదు, నోరు మూసుకున్నవాడికి.

చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా సంగతి మరీ విడ్డూరం. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, పదిహేను వందల లోపు 3,416, ఆపైన 7,897 రూపాయలు. ఇంజను ఎంత పెద్దదో అడిగారు. నడిపేవాడు తాగుతాడా, పరుగెత్తిస్తాడా అని అడగలేదు. పరాయివాడి ప్రాణానికి సంబంధించిన పద్దు ఇదే కదా! 2022లోనే మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిని చంపినది సీసీలు కావు.

కాలిఫోర్నియాలో ఉన్న మిత్రులు ఈ మాట చదివి నవ్వుతారు. 1988లో అక్కడి ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న 103వ ప్రతిపాదన ప్రకారం ప్రీమియం కట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడవలసినది చోదకుడి చరిత్ర. తరువాతే ఏడాదికి ఎన్ని మైళ్ళు, ఎన్నేళ్ళ అనుభవం అన్నవి. ఒక్క స్పీడు టికెట్టుకే భయపడి ట్రాఫిక్ బడికి వెళ్ళి కూర్చున్న మనవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళే సెలవులకు వచ్చి గుంటూరులో అద్దె కారు ఎక్కగానే సీటు బెల్టు మరచిపోతారు, అది వేరే సంగతి.

ఇక్కడా ఆ ఆలోచన రాలేదనకండి. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఒక బృందాన్ని వేసింది. 2021 జనవరిలో దాని నివేదిక బయటికి వచ్చింది. ఉన్న నాలుగు పద్దులకు తోడు "ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం" అని ఐదవది చేర్చాలని, తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పుడు చోట నిలిపితే 10 అని, ముందుగా ఢిల్లీలో ప్రయోగించి చూడాలని చెప్పింది. నా పాలసీ కాగితంలో ఆ ఐదవ పద్దు ఈనాటికీ లేదు.

వద్దనేవారి వాదనలు విన్నాను. చలానా బండికి పడుతుంది, మనిషికి కాదు. బావమరిది చేసిన తప్పుకు నేనెందుకు కట్టాలి అంటారు. తాళం ఇచ్చినది తమరే కదా! కెమెరా పొరబడుతుందన్నది సబబైన మాట. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు, విచారణ ఉండి తీరాలి. పోలీసు చేయి తడిపితే పాయింటు మాయమవుతుందన్నది ఇంకా సబబు.

కానీ నన్ను నిజంగా జంకించినది నాలుగవ వాదన. ప్రీమియం పెంచితే అందరికన్నా ప్రమాదకరమైన చోదకుడే మొదట బీమా మానేస్తాడు. తెనాలి దగ్గర మా అమ్మగారి ఊళ్ళో పొలం పనికి పోయే ఒక మనిషిని బీమా లేని మోటారు సైకిలు గుద్దింది. కాలు తీసేశారు. ట్రిబ్యునల్ పరిహారం ఇమ్మంది. ఇవ్వవలసినవాడికి ఆ బండి తప్ప ఆస్తి లేదు. కాగితం ఇప్పటికీ ఆ ఇంటి దూలానికి వేలాడుతోంది. కాబట్టి పాయింట్లకన్నా ముందు బీమా లేని బండి రోడ్డెక్కకుండా చూడాలి. 2019 సవరణ చట్టం మొదటిసారికి 2,000, మళ్ళీ దొరికితే 4,000 జరిమానా పెట్టింది. అతివేగాన్ని పట్టే కెమెరాకు బండి నెంబరు తెలుసు. ఆ నెంబరుకు బీమా ఉందో లేదో చూసి అదే చలానాలో రాయడానికి అడ్డేమిటి?

అది జరిగిన తరువాత, తప్పు చేయనివాడి బోనసు మీద చేయి వేయవద్దు, చేసినవాడిని వదలవద్దు. బోనసు కాపాడే అదనపు కవరు కొనుక్కోమని ఏజెంటు గారు సలహా ఇచ్చారు. పరాయివాడి తప్పు నుంచి నా మంచితనాన్ని కాపాడుకోవడానికి మళ్ళీ నేనే డబ్బు కట్టాలన్నమాట.

పోయిన సంక్రాంతికి బాపట్ల రైల్వే గేటు దగ్గర ఒక ఆటో నా కుడి తలుపు గీసి పోయింది. ఈసారి 2,200. ఎవరికీ చెప్పలేదు, జేబులోంచి ఇచ్చాను. నా బోనసు ఇప్పుడు 25 శాతం.