తెరకెక్కిన నాటకాలే కదా!

పాత బ్రిటిష్ సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడు, ముఖ్యంగా రంగస్థలం నుంచి తెరకెక్కిన కోర్టు కథల ప్రస్తావన వచ్చినప్పుడు, రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. మొదటిది: "అవి సినిమాలేమిటండీ, కెమెరా ముందు ఆడించిన నాటకాలు." రెండవది: "దోషి ఎవరో తెలిసిపోయాక మళ్ళీ చూడడానికి ఏముంటుంది?" ఈ మాటలు అనేది సినిమా అంటే ఏమీ తెలియనివారైతే నాకు బాధ లేదు. ప్రపంచ సినిమాను ఔపోసన పట్టినవారే ఎక్కువగా అంటున్నారు. 1966లో అచ్చయిన హిచ్‌కాక్ సంభాషణల పుస్తకంలో త్రూఫో అంతటివాడు సినిమాకూ బ్రిటన్‌కూ అసలు పొత్తు కుదరదేమోనని సందేహించాడు. ఆ సందేహాన్ని మనవాళ్ళు వేదవాక్యంగా తీసుకున్నారు. ఈ రెండు మాటలూ తప్పని నా వాదన.

ముందే ఒక హెచ్చరిక. ఈ టపాలో కొన్ని కథల ముగింపులు చెప్పేస్తున్నాను. ముగింపు తెలిస్తే సినిమా చెడిపోతుందనుకునేవారు ఇక్కడే ఆగవచ్చు. నా వాదన నిజమైతే మాత్రం ఆగవలసిన పని లేదు.

మొదటి అభియోగం సంగతి చూద్దాం. నాటకీయత అనే మాట మనకు ఎప్పటినుంచి తిట్టు అయిందో తెలియదు. ఇంగ్లీషు న్యాయస్థానం స్వతహాగా ఒక రంగస్థలం. అక్కడ వేషధారణ ఉంది: తెల్లని విగ్గులు, నల్లని గౌన్లు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరు నోరు మెదపకూడదో నిర్ణయించిన నియమం ఉంది. పన్నెండుగురు ప్రేక్షకులు, అంటే జూరీ, నోరెత్తకుండా కూర్చుని చివరికి ఒకటి రెండు మాటల్లో తమ అభిప్రాయం చెబుతారు. పైగా 1925 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ఇంగ్లండు కోర్టుల్లో ఫొటోలు తీయడాన్నీ, బొమ్మలు గీయడాన్నీ నిషేధించింది. అంటే ఈ సినిమాలు వచ్చిన కాలంలో గ్యాలరీలో చోటు దొరకని సామాన్యుడికి విచారణ కళ్ళకు కట్టే దారులు రెండే: నాటకం, సినిమా. కెమెరాకు ప్రవేశమే లేని చోటును చూపించే సినిమా ఆ చోటును సెట్టు వేసి, వేషాలు కట్టించి చూపించక మరేం చేస్తుంది?

ఇంకొక్క చట్టం సంగతి చెప్పి కథల్లోకి వస్తాను. 1898 దాకా ఇంగ్లండులో నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషి తన తరఫున తాను ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకోవడానికి సాధారణంగా వీలుండేది కాదు. ఆ ఏటి చట్టంతో ముద్దాయి సాక్షిబోను ఎక్కాడు. ఎక్కితే అవతలి ప్లీడరు అడ్డు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదని జూరీ మనసులో అనుకుంటుంది. 20వ శతాబ్దపు కోర్టు నాటకానికి ప్రాణం పోసింది ఈ ఇరకాటమే. తన మాట తప్ప వేరే ఆధారం లేని మనిషి, ఆ మాటను చీల్చి చూడడమే వృత్తిగా గల మరో మనిషి ఎదురెదురుగా నిలబడతారు. దీనికి కారు ఛేజులు, కొండలు, సముద్రాలు అక్కర లేదు. ఒక గది చాలు.

'ద విన్‌స్లో బాయ్' తీసుకోండి. టెరెన్స్ రాటిగన్ 1946లో రాసిన నాటకం. ఆంథొనీ ఆస్క్విత్ 1948లో సినిమాగా తీశాడు. మూలం నిజంగా జరిగిన వ్యాజ్యం. 1908లో ఆస్‌బర్న్ నౌకాదళ కళాశాలలో జార్జి ఆర్చర్ షీ అనే 13 ఏళ్ళ పిల్లవాడు తోటి విద్యార్థి తాలూకు అయిదు షిల్లింగుల పోస్టల్ ఆర్డరు దొంగిలించాడని బయటికి పంపేశారు. అయిదు షిల్లింగులంటే పౌనులో నాలుగో వంతు. తండ్రి ఊరుకోలేదు. కానీ ఆనాటి చట్టం ప్రకారం రాజు తప్పు చేయడు. కాబట్టి రాజు నౌకాదళం మీద మామూలు దావా వేయడానికి వీల్లేదు. "న్యాయం జరుగుగాక" అని రాజముద్రతో అనుమతి వస్తే తప్ప కోర్టు గుమ్మం తొక్కలేరు. 1895లో ఆస్కార్ వైల్డ్‌ను బోనులో నిలబెట్టి కూలదోసిన ఎడ్వర్డ్ కార్సన్ ఈ పిల్లవాడి పక్షాన నిలబడ్డాడు. 1910 జూలైలో విచారణ జరిగింది. పిల్లవాడు తన కోసం మరో పోస్టల్ ఆర్డరు కొనుక్కున్న రోజే ఈ ఆర్డరూ మారింది. రెండు పనులూ చేసింది ఒక్కడే అన్న పోస్టాఫీసు ఉద్యోగిని మాటే కేసుకు ఆయువుపట్టు. కార్సన్ ఆమెను బెదిరించలేదు. పని మధ్యలో మాటిమాటికీ లేవవలసి వచ్చిందనీ, యూనిఫారాల్లో పిల్లలంతా ఒకేలా కనిపిస్తారనీ ఆమె చేతనే మెల్లగా చెప్పించాడు. నాలుగో రోజున ప్రభుత్వం పిల్లవాడి నిర్దోషిత్వాన్ని ఒప్పుకుంది. 1911లో ఖర్చులతో కలిపి 7,120 పౌన్లు ఇచ్చింది. 1914లో ఈప్ర యుద్ధంలో జార్జి చనిపోయాడు. అప్పటికి వాడికి 19 ఏళ్ళు.

ఇంతటి విచారణను రాటిగన్ నాటకంలో ఒక్క క్షణం కూడా చూపించలేదు. కథంతా విన్‌స్లో వారింటి ముందుగదిలోనే. కోర్టు సంగతులు వచ్చేపోయేవాళ్ళ నోట తెలుస్తాయి. మనం చూసేది ఆ వ్యాజ్యానికి ఇల్లు చెల్లించే మూల్యం: తండ్రి ఆరోగ్యం, పెద్దకొడుకు ఆక్స్‌ఫర్డ్ చదువు, కూతురి పెళ్ళి. సినిమాకు వచ్చేసరికి రాటిగన్ తానే మరొకరితో కలిసి స్క్రీన్‌ప్లే రాస్తూ గోడలు తీసేశాడు. కోర్టు వచ్చింది, పార్లమెంటు వచ్చింది. బాగానే ఉన్నాయి. కానీ ఆ సినిమా చూసినవారిని ఏ దృశ్యం గుర్తుందో అడగండి. రాబర్ట్ డోనాట్ వేసిన సర్ రాబర్ట్ మోర్టన్ ఆ ఇంటికే వచ్చి, పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, శత్రువులా ప్రశ్నల మీద ప్రశ్నలు కురిపించి, వాడు ఏడ్చేదాకా తెచ్చి, ఇంట్లోవాళ్ళంతా నిర్ఘాంతపోయి చూస్తుండగా, వీడు నిర్దోషి అని తేల్చి కేసు పుచ్చుకున్న దృశ్యం చెబుతారు. అది ముందుగదిలో జరిగింది. అది నాటకం నుంచి యథాతథంగా వచ్చింది. "సినిమా" చేయడానికి అదనంగా పెట్టిన ఏ దృశ్యమూ దాని దరిదాపుల్లోకి రాలేదు.

ఈ ఆస్క్విత్ ఎవరనుకున్నారు? ఆ పిల్లవాడి తండ్రి ప్రభుత్వంతో పోరాడిన రెండేళ్ళూ ఇంగ్లండు ప్రధానిగా ఉన్న హెచ్. హెచ్. ఆస్క్విత్ కొడుకు. తన తండ్రి ప్రభుత్వం ఒక పిల్లవాడికి న్యాయం నిరాకరించిన కథను కొడుకు సినిమాగా తీశాడు. ప్రభుత్వాన్ని మామూలు పౌరుడిలా కోర్టుకు లాగే హక్కును ప్రజలకు ఇచ్చిన క్రౌన్ ప్రొసీడింగ్స్ చట్టం అమలులోకి వచ్చినదీ ఆ 1948లోనే. కాలక్షేపం సినిమా అని తోసిపారేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక రెండవ అభియోగం. ముగింపు తెలిస్తే రసం పోతుందన్న వాదనకు బిల్లీ వైల్డర్ 1957లో తీసిన 'విట్‌నెస్ ఫర్ ద ప్రాసిక్యూషన్' పెద్ద అండ. అగాథా క్రిస్టీ కథ, క్రిస్టీ నాటకం, లండన్ కోర్టు. కానీ అది హాలీవుడ్ సినిమా. బ్రిటిష్ కోర్టు చిత్రమంటే అందరూ మొదట దాని పేరే చెబుతారు. చివర ఒక గొంతు వినిపించి, ముగింపు ఎవరికీ చెప్పవద్దని ప్రేక్షకులను వేడుకుంటుంది. చాలా గొప్ప వినోదమే, కాదనను. చార్లెస్ లాటన్ కోసం దాన్ని ఎన్నిసార్లైనా చూడవచ్చు. కానీ ఆ ఒక్క వేడుకోలు ఈ జాతి సినిమాలన్నిటికీ శాపమైంది. కొసమెరుపు కోసమే చూడాలని, అది అయిపోతే అరటితొక్కలా పారేయాలని జనం నేర్చుకున్నారు.

మనకు ఈ పాఠం ఇంకొకరు చెప్పాలా? తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' చూడడానికి తెల్లవార్లూ కూర్చున్న జనంలో రాయబారం ఫలించదని తెలియనివాడు ఎవడు? కృష్ణుడు ఉత్తచేతులతో తిరిగివస్తాడని పసిపిల్లలకూ తెలుసు. అయినా వన్స్‌మోర్ కొట్టారు. ఏమవుతుందో తెలుసుకోవడానికి కాదు, ఎలా మాట్లాడతారో వినడానికి. ఆ చెవి ఉన్న జాతి, కోర్టు కథ దగ్గరికి వచ్చేసరికి హంతకుడి పేరొక్కటే అడగడం నాకు వింతగా ఉంటుంది.

అదే ఆస్క్విత్ తీసిన 'కారింగ్టన్ వి.సి.' చూడండి. డొరొతీ క్రిస్టీ, కాంప్‌బెల్ క్రిస్టీల నాటకం. డేవిడ్ నివెన్ వేసిన మేజరు, తనకు సైన్యం బాకీ పడ్డ జీతం రాక, విసిగి, నిరసనగా ఖజానాలోంచి డబ్బు తీస్తాడు. తీశానని తానే చెబుతాడు. దొంగ ఎవరన్న ప్రశ్నే లేదు. తీసేముందు పై అధికారికి చెప్పానంటాడు. ఆ అధికారి చెప్పలేదంటాడు. చెప్పాడని తెలిసిన మనిషి భార్య ఒక్కతే. భర్తకు మరో స్త్రీతో సంబంధం ఉందని అప్పుడే తెలిసిన ఆ భార్య బోను ఎక్కి అబద్ధం చెబుతుంది. నిజం మనకు తెలుసు. అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు. తీర్పు మాత్రం అతనికి వ్యతిరేకంగా వస్తుంది. ఇందులో దాచిపెట్టిన రహస్యం ఏదీ లేదు; నిజం అందరి కళ్ళముందే ఉండి కూడా రుజువు కాకపోవడమే ఉంది. అది పదోసారి చూసినా కడుపులో దేవుతుంది.

జోసఫ్ లోసీ 1964లో తీసిన 'కింగ్ అండ్ కంట్రీ' ఇంకా ముందుకు పోతుంది. జాన్ విల్సన్ నాటకం 'హాంప్' దానికి ఆధారం. 1917లో యుద్ధరంగం విడిచి నడిచి వెళ్ళిపోయిన ఒక అమాయకపు సైనికుడు, అతన్ని ముందు చీదరించుకుని, తర్వాత ప్రాణం పెట్టి వాదించే అధికారి. కోర్టు దయ చూపమన్నా పైవాళ్ళు ఒప్పుకోరు. తెల్లవారి కాల్చేస్తారు. ఇందులో మిస్టరీ అణుమాత్రం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అటువంటి నేరాలకు మరణశిక్ష పొందిన 306 మంది సైనికులకు బ్రిటన్ మరణానంతర క్షమాభిక్ష ఇచ్చింది 2006లో. సినిమా వచ్చిన 42 ఏళ్ళకు!

ఈ జాతిలో వచ్చినవన్నీ ఆణిముత్యాలని నేననను. రే మిల్లండ్ తానే నటించి తీసిన 'హోస్టైల్ విట్‌నెస్' (1968) పొడుపుకథకు జవాబు దొరకగానే చప్పబడిపోతుంది. ఆస్క్విత్‌దే 'లైబెల్' (1959) కూడా నన్ను కొంత నిరాశపరచింది. 1934 నాటి నాటకం. తనను వేరొకడని రాసిన పత్రిక మీద ఒక జమీందారు పరువు నష్టం దావా వేస్తాడు. యుద్ధఖైదీగా ఉండగా అచ్చం తనలాగే ఉన్న నటుడొకడు తనతోపాటు ఉన్నాడు; ఇద్దరిలో తిరిగివచ్చింది ఎవరు? అద్భుతమైన ప్రశ్న. డర్క్ బొగార్డ్ బోనులో తడబడుతుంటే, మొదట గట్టిగా నమ్మిన భార్యకే నమ్మకం సడలుతుంది. అక్కడ సినిమా శిఖరం మీద ఉంది. కానీ మధ్యమధ్య ఖైదీల శిబిరానికి తీసుకుపోయి ఫ్లాష్‌బ్యాకులు చూపిస్తారు. సాక్షి మాటను అనుమానించవచ్చు, అడ్డు ప్రశ్న వేయవచ్చు. తెర మీద బొమ్మకు అడ్డు ప్రశ్న ఎలా వేస్తాం? చూడండి, ఈ సినిమా బలహీనపడింది నాటకంలా ఉన్నచోట కాదు. "సినిమా"లా ఉందామని కోర్టు గది దాటి బయటికి వెళ్ళిన చోట.

ఒక మనిషి మీద నింద పడితే, ఆ నింద మోపినవాడు ఎదురుగా నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలన్న నియమం ఎంత కష్టపడి సంపాదించుకున్నదో ఈ సినిమాలు చెబుతాయి. అయిదు షిల్లింగుల కోసం ఒక ఇల్లు గుల్లయినా సరే, ఆ ప్రశ్న అడిగే హక్కు వదులుకోకూడదని చెబుతాయి. అడిగినా ఒక్కోసారి అబద్ధమే గెలుస్తుందని కూడా దాచకుండా చెబుతాయి. విచారణ లేకుండానే పూటకొకరికి శిక్ష వేసేసే మన కాలానికి ఇంతకంటే పనికివచ్చే మాట ఏముంది? "నాటకమే కదా" అనేవారితో నాకు పేచీ లేదు, ఒక్క షరతు మీద. 'ద విన్‌స్లో బాయ్'లో ఆ ముందుగది దృశ్యం ఒకసారి చూసి, ఆ పిల్లవాడి ముఖం చూసి, ఆ మాట మళ్ళీ అనండి.