మట్టిలో నిదురించే ప్రాణి

వానాకాలం మడుల కోసం పెరటి మట్టిని త్రవ్వేటప్పుడు ముదురు గోధుమరంగులో మెరిసే గుళికలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. పిల్లలు వాటిని విత్తనాలనుకుంటారు. చేతికి తీసుకుంటే కొసభాగం అటూ ఇటూ కదలాడుతుంది. రాత్రివేళ దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు ప్యూపా దశ అది.

దానిని పోల్చుకోవడం కష్టం కాదు. కళ్లు, కాళ్లు, రెక్కల అచ్చు పైపొర మీద చెక్కినట్లు కనిపిస్తుంది. అలాకాక కాళ్లు విడివిడిగా ముడుచుకొని, ఒళ్లు పాలిపోయి మెత్తగా ఉంటే అది పెంకు పురుగుది. ఏ అచ్చూ లేక బియ్యపు గింజంతే ఉంటే కాకర, బీర పాదుల క్రింద కనిపించే పండు ఈగది కావచ్చు.

రెక్కల పురుగులన్నీ ఒక్కటి కావు. ఆముదం ఆకులను జల్లెడ చేసే పొగాకు లద్దె పురుగు ప్యూపా సుమారు 2 సెంటీమీటర్లు. కొసన రెండు చిన్న ముళ్లుంటాయి. శనగపచ్చ పురుగుదీ ఇంచుమించు ఇదే రూపం. చిలగడదుంప తీగల వద్ద దొరికినది 5 సెంటీమీటర్లకు పైబడి, తలవద్ద కూజా పిడిలాంటి వంపు కలిగి ఉంటే అది వేరు జాతి. ఆ వంపులో రూపొందుతున్నది పొడవాటి తొండం. సంధ్యవేళ గాలిలో నిలిచి మకరందం త్రాగుతూ పుప్పొడిని పూవు నుండి పూవుకు చేరవేసే జీవి అది.

తెలియని విషయం వెంట పడవద్దని దివ్య ఖుర్ఆన్ (17:36) మనలను హెచ్చరిస్తుంది. కనుక ముందు గుర్తింపు, ఆ తరువాతే తీర్పు. పంటను కాపాడుకోవడం తప్పు కాదు. లద్దె పురుగువైతే ఏరి కోళ్లకు వేయవచ్చు. నిప్పులో మాత్రం వేయరాదు. చీమల పుట్టను కాల్చిన అనుచరులను వారించి, నిప్పుతో శిక్షించడం దాసులకు తగదని దైవప్రవక్త (స) బోధించారు.

ఏదో తేలకపోతే సీసాలో కాస్త తడిమట్టి పోసి, దాని మీద ప్యూపాను ఉంచి, ఎక్కడానికి ఒక పుల్ల నిలిపి, పలుచని గుడ్డ కట్టి నీడలో పెట్టండి. లద్దె పురుగైతే ఒకటి రెండు వారాల్లోనే బయటికి వస్తుంది. వేరుశనగ చేలలోని ఎర్ర గొంగళి పురుగు ప్యూపాలైతే మరుసటి తొలకరి దాకా మట్టిలోనే వేచి ఉంటాయి. నిర్జీవమని పారవేయబోయినది రెక్కలు విప్పుకొని లేచిననాడు, మృతభూమికి ప్రాణం పోసే ప్రభువును గురించి పిల్లలకు మనం వేరుగా పాఠం చెప్పనవసరం ఉండదు.