ర్యాంపు దయ కాదు, హక్కు

తహసీల్దారు కార్యాలయం, బ్యాంకు, బస్టాండు... మన పట్టణాల్లో చాలాచోట్ల చక్రాల కుర్చీని ముందుగా అడ్డుకునేవి మెట్లే. ర్యాంపు కట్టిన చోట కూడా అది నిటారుగా ఉంటుంది, లేదంటే దానికి అడ్డంగా బళ్లు నిలిపేస్తారు. అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు కనీసం 12 అడుగుల పొడవుండాలి. ఈ చిన్న లెక్క తప్పితే పెట్టిన ఖర్చంతా వృథాయే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిబంధనలు వెలువడిన అయిదేళ్లలో పాత ప్రభుత్వ భవనాలనూ అందరూ వాడుకునేలా మార్చాలంది. నిబంధనలు 2017లో వచ్చాయి. గడువు 2022లోనే తీరింది. ప్రమాణాలను కేవలం సూచనలుగా వదిలేసిన నిబంధన చెల్లదని రాజీవ్‌ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తేల్చిచెప్పింది. కోర్టుకు క్షేత్రస్థాయి వాస్తవాలు నివేదించింది హైదరాబాద్‌ నల్సార్‌ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రమే.

తీర్పు ఢిల్లీలో వచ్చినా అమలు కావాల్సింది మన వీధిలోనే. ప్రమాణాలు పాటించని భవనానికి నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం ఇవ్వరాదని చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ అధికారాన్ని పురపాలక సంఘాలు నిక్కచ్చిగా వాడాలి. స్థానిక దివ్యాంగుల సంఘాలను వెంటబెట్టుకుని ప్రతి కార్యాలయాన్ని, మరుగుదొడ్డిని, కాలిబాటను తనిఖీ చేయాలి. లోపాల జాబితాను, సరిదిద్దే తేదీలను నోటీసు బోర్డులో పెట్టాలి. వార్డు సభల్లో దీనిపై నిలదీసే బాధ్యత దివ్యాంగులొక్కరిదే కాదు, పట్టణ ప్రజలందరిదీ.