మందు, మాట, దూరం
వ్యాధి నయం కాదని తేలిన రోగికి నొప్పిని, ఆయాసాన్ని తగ్గించి చివరి రోజులను సాగనిచ్చే హాస్పిస్ సేవ నాణ్యతను భవనాన్ని బట్టి గాక, ముందుగా నొప్పి మందును బట్టి అంచనా వేయవలసి ఉంటుంది. గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిన్‌ను సులువుగా నిల్వ చేసుకొనేలా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించిన తరువాత కూడా ఆ మందు తమ వద్ద లేదనే సంస్థను హాస్పిస్‌గా ఎంచడం కష్టమే. బెంగళూరులో 1999 నుండి రోగులను ఉచితంగా చేర్చుకొంటున్న కరుణాశ్రయ వంటి సంస్థ సైతం కర్ణాటకలోనే ఉన్న పావగడ తాలూకా నిడుగల్లు గ్రామవాసికి దూరాభారమే గనుక, ఆ గ్రామవాసికి దగ్గరలో అందే సేవలో రాత్రివేళ ఫోన్ ఎత్తే నర్సు ఉన్నదా, ఇంటివారికి పుండు కడగడం ఓపికగా నేర్పుతున్నారా, కన్నడ దస్త్రాల నడుమ తెలుగే మాట్లాడే వృద్ధుల బాధను తెలుగులోనే అడిగి, 0 నుండి 10 వరకు గల నొప్పి కొలతపై ప్రతిసారీ నమోదు చేస్తున్నారా (అంకెలు చెప్పలేనివారికి ముఖాల బొమ్మలు చూపే పద్ధతీ ఉన్నది) అన్నవీ మందుతో పాటు విచారించవలసినవే.