సైటేషన్ల సంఖ్యను నమ్మి నియామకాలు చేయకండి

ఉత్ప్రేరక రసాయనశాస్త్రంలో అధ్యాపకుల్ని ఎంపిక చేసే కమిటీలకూ, గైడు కోసం వెతుకుతున్న విద్యార్థులకూ ఒక హెచ్చరిక. దరఖాస్తులో కనిపించే సైటేషన్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్ చూసి మాత్రమే నిర్ణయం తీసుకోకండి. పత్రంలో చెప్పిన ఉత్ప్రేరకం నిజంగా పనిచేస్తుందో లేదో ఆ అంకెలు చెప్పలేవు.

ఈ రంగం ఆ పాఠం రెండుసార్లు నేర్చుకుంది. పల్లాడియం సాయంతో కర్బన అణువుల్ని జతచేసే సుజుకి చర్యకు 2010లో నోబెల్ దక్కింది. పల్లాడియం ఖరీదైన లోహం. అది లేకుండానే ఆ చర్య జరిపించామని ఎవరైనా అంటే రసాయనశాస్త్ర ప్రపంచమంతా అటే చూస్తుంది. 2003లో ఒక బృందం అలాగే ప్రకటించింది. 2005లో ఆ బృందమే మళ్లీ పరీక్షించుకుంది. బజారులో కొన్న సోడియం కార్బొనేట్‌లో వంద కోట్ల భాగాలకు 50 భాగాల పల్లాడియం కల్తీ ఉందనీ, పని చేసింది అదేననీ తానే ప్రచురించింది. శాస్త్రవేత్తకు ఉండాల్సిన నిజాయితీ అది. 2021లో నేచర్ కెటాలిసిస్ పత్రికలో మరో బృందం కేవలం అమీన్‌తో అదే చర్య సాధించామని రాసింది. ఇతర ప్రయోగశాలలు తరచి చూస్తే, అమీన్ తయారీలో వాడిన పల్లాడియమే అందులో మిగిలిపోయిందని తేలింది. ఆ ఏడాది డిసెంబరులోనే పత్రాన్ని ఉపసంహరించారు.

ఇక్కడే ప్రమాదం ఉంది. మెచ్చుకుంటూ ప్రస్తావించినా, తప్పని నిరూపిస్తూ ప్రస్తావించినా సైటేషన్ల లెక్కలో రెండూ ఒకటే. తప్పు పత్రాన్ని ఖండించే ప్రతి వ్యాసమూ దాని స్కోరు పెంచుతుంది. హైదరాబాద్ చుట్టూ మందుల తయారీ ఇంతగా విస్తరించిన మనకు ఇది దూరపు సంగతి కాదు. నోటితో తీసుకునే మందు ద్వారా ఒంట్లోకి వెళ్లే పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లోహమే లేదన్న మాటను నమ్మి తయారీ పద్ధతిని రూపొందిస్తే నష్టం పత్రికతో ఆగదు.

పొరపాట్ల సంగతి అలా ఉంచితే, మోసం ఇంకా పెద్దది. 2023లో ప్రపంచవ్యాప్తంగా 10 వేలకు పైగా పరిశోధన పత్రాలు ఉపసంహరణకు గురయ్యాయి. అత్యధిక సైటేషన్లున్న శాస్త్రవేత్తల జాబితా వేసే క్లారివేట్ సంస్థ, అనుమానాస్పద ధోరణుల కారణంగా అదే ఏడాది వెయ్యిమందికి పైగా పరిశోధకులను పక్కన పెట్టింది. మన తిరుపతిలోని ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడి పేరు మీద దాదాపు 70 పత్రాల్లో చౌర్యం, కల్పిత ఫలితాలు ఉన్నాయన్న ఆరోపణలు 2008లోనే అంతర్జాతీయ వార్త అయ్యాయి. అయినా మనం అంకెల్నే కొలుస్తున్నాం.

కమిటీ సభ్యులారా, అభ్యర్థి రాసిన నాలుగైదు పత్రాలు స్వయంగా చదవండి. ఉత్ప్రేరకం వేయకుండా చర్య జరిపి చూశారా, ముడి రసాయనాల్లో లోహపు జాడలు కొలిచారా, ఘన ఉత్ప్రేరకమైతే వేడిగా ఉండగానే వడగట్టి చర్య ఆగిందో లేదో చూశారా, వేరే ప్రయోగశాలలో ఎవరైనా ఆ ఫలితాన్ని మళ్లీ రాబట్టారా అని ముఖాముఖి అడగండి. విద్యార్థులారా, డబ్బు తీసుకుని పత్రంలో మీ పేరు చేరుస్తామనే వాళ్ల దగ్గరకు వెళ్లకండి. ఆ పత్రం ఉపసంహరణకు గురైతే, ఆ ప్రకటనలో మీ పేరు శాశ్వతంగా ఉండిపోతుంది.