అందరూ ఔనంటే నేనొక్కదాన్నీ ఏమనగలను?

బొబ్బిలి నుంచి పార్వతీపురం వెళ్లే దారిలో వొక వూరు. పేరు చెప్పను. కొన్నేళ్ల కిందట అక్కడ సంఘం మీటింగుకి వెళ్లాను. ముప్ఫైమంది దాకా ఆడవాళ్లు వచ్చారు. పొదుపు లెక్కలు అయ్యాక, పదో తరగతి చదువుతున్న వొక పిల్ల పెళ్లి మాట వచ్చింది. పిల్లకి పదిహేనేళ్లు. "సంబంధం మంచిదే. ఇంట్లో వాళ్ల ఇష్టం, మనకెందుకు?" అంది లీడరు. పక్కనున్నావిడ తలూపింది. ఆ పక్కావిడా వూపింది. "ఎవరికైనా అభ్యంతరం వుందా?" అని అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. నేనూ రెట్టించలేదు. రెట్టిస్తే ఆ వూళ్లో మళ్లీ అడుగు పెట్టనివ్వరేమో, కష్టపడి కట్టుకున్న సంఘం చెదిరిపోతుందేమో అని భయం. ఇది ఇంటి విషయమని, సంఘం జోక్యం చేసుకోదని "సభ్యులందరూ ఆమోదించారు" అని పుస్తకంలో రాశారు. సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే వొకామె వచ్చింది. "నాకు మనసొప్పలేదమ్మా. అందరూ ఔనంతంటే నానొక్కదాన్నీ ఏటనగల్ను?" అంది. ఆమె వెళ్లాక ఇంకొకామె. అదే మాట. బస్సు వచ్చేలోగా నలుగురు వచ్చారు, ఒకరికి తెలియకుండా ఒకరు. అంటే నాతో కలిపి అయిదుగురం ఆ మీటింగులోనే వున్నాం. ప్రతి ఒక్కరం వొంటరిగా వున్నామనుకున్నాం. పెళ్లి జరిగిపోయింది.

ఆ నలుగురికీ ధైర్యం లేదని చాలాకాలం అనుకున్నాను. నాకు లేదని మాత్రం అనుకోలేదు.

గుంపు మాటకు మనిషి ఎందుకు తలొగ్గుతాడనే దాని మీద 1950ల మొదట్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వొక ప్రయోగం చేశాడు. గదిలో కొందరు విద్యార్థుల్ని కూర్చోబెట్టి వొక గీత చూపించాడు. పక్కనే మరో మూడు గీతలు. మొదటి గీతతో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే ప్రశ్న. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు చెబుతారు. ఆ ఒక్కడు ఏం చేస్తాడన్నదే పరీక్ష. అలాంటి సందర్భాల్లో దాదాపు మూడో వంతు జవాబులు గుంపుతో పాటే తప్పాయి. నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా గుంపుతో పోయారు.

ఈ కథ ఇక్కడిదాకా చెప్పి "మనుషులు గొర్రెలు" అని తేల్చేసేవాళ్లున్నారు. మిగతా సగం మనకు ఎక్కువ అవసరం. ఆ గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పినా చాలు, తప్పు జవాబులు ఇరవయ్యో వంతుకి దగ్గరగా పడిపోయాయి. జవాబుని పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోనిచ్చినా బాగా తగ్గాయి. అంటే చాలామందికి కళ్లు కనబడక కాదు. తాము ఒంటరైపోవడమే వాళ్లు భరించలేకపోయింది.

ఇంకో మాట. ఆ ప్రయోగంలో కూర్చున్నది మగ విద్యార్థులు. గది దాటి బయటికొస్తే వాళ్లకి పోయేదేమీ లేదు. మన వూరి ఆడమనిషికి అలా కాదు. కాదన్న మర్నాడు బావి దగ్గర మాటలుండవు, వూడ్పులకి పిలుపు రాదు, అప్పుకి హామీ దొరకదు. కులపెద్దలు వెలివేస్తే పెళ్లికీ చావుకీ ఎవరూ రారు. ఎవరి మీదైనా చిల్లంగి నింద పడ్డప్పుడు, ఆమె తరఫున మాట్లాడితే రేపు ఆ నింద తమ మీదకే వస్తుందని తోటి ఆడవాళ్లకి తెలుసు. ఇది పిరికితనం కాదు. ఖరీదు తెలిసిన మౌనం.

మన విజయనగరం సంగతే చూడండి. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో అక్కడ మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. అంతకు ముందు మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారు చేయించాడు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు. ముగ్గురికి ఏడాది. గురజాడ తన ముందుమాటలో ఈ లెక్క ఇచ్చాడు. ఆ 1034 మంది తల్లుల్లో మనసొప్పనివాళ్లు ఎవరూ లేరంటే నమ్మగలమా? నాటకంలో వెంకమ్మ ఒప్పుకోలేదు. ఆమెకు మిగిలిన దారి నూతిలో దూకడం.

వందేళ్ల తర్వాత నెల్లూరు జిల్లా దూబగుంటలో వేరేగా జరిగింది. మొగుడు తాగి కొట్టడం తన తలరాత అని ఎవరికి వాళ్లు అనుకునేవాళ్లు. అక్షరాస్యత తరగతిలో సారా గురించి పాఠం చదివి మాట్లాడుకుంటే అది అందరి బాధా అని తెలిసింది. అక్కడ మొదలైన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్లకే సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. వెంకమ్మకీ దూబగుంట స్త్రీలకీ తేడా ధైర్యంలో లేదు. పక్కన ఇంకో గొంతు వుండడంలో వుంది.

కాబట్టి కార్యకర్తలుగా మనం కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. లీడరు, మేడమ్ చివరగా మాట్లాడాలి. కష్టమైన విషయమైతే మీటింగుకి ముందే ఇళ్లకి వెళ్లి విడివిడిగా వినాలి. మూత వేసిన కుండలో ఔనంటే బొబ్బరిగింజ, కాదంటే చింతపిక్క వేయించాలి. చదువు రాకపోయినా వెయ్యొచ్చు. నేనిప్పుడు సంచీలో అవి పట్టుకెళుతున్నాను. మొదటిసారి కుండ బోర్లిస్తే చింతపిక్కలు ఎక్కువున్నాయి. ఆడవాళ్లు వాటివంక చూసి, తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపు కోసమే ఈ కుండ.

అయినా కొన్నిటికి కుండ కూడా అక్కర్లేదు. ఆ పిల్ల హక్కు మా ముప్ఫైమంది చేతుల మీద ఆధారపడేది కాదు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని ఆడపిల్లకి పెళ్లి చెయ్యడం నేరం. 1098కి ఫోను చెయ్యడానికి మెజారిటీ అవసరం లేదు. ఒక్కరు చాలు. ఆ రోజు ఆ ఒక్కరూ నేను కావలసింది.

పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వాలు నజరానాలు ఇస్తూ వచ్చాయి. వూరు కలిసికట్టుగా వుందని మనమూ సంతోషిస్తాం. కానీ రచ్చబండ దగ్గర పెద్దలు తేల్చేస్తే, ఆడదానికి ఎవరూ చూడకుండా కాదనే వీలున్న ఒక్క చోటు, ఆ ఓటు పెట్టె, లేకుండా పోతుంది. ఐకమత్యం వేరు, ఏకగ్రీవం వేరు. నోరు విప్పి పోట్లాడుకున్న తర్వాత కలిసి నడిస్తే ఐకమత్యం. నోరు విప్పకముందే తేలిపోతే ఏకగ్రీవం.

ఈసారి మీ మినిట్సు పుస్తకంలో "అందరూ ఆమోదించారు" అని రాసేముందు కలం ఆపండి. బస్సు దగ్గరికొచ్చి చెప్పేవాళ్లు ఎంతమందో ఆలోచించండి. వాళ్లలో మొదటి గొంతు మీదే అయితే రెండో గొంతు తప్పకుండా లేస్తుంది.