బండి నీరసపడితే ముందు ఫిల్టరు చూడండి

మా ఇంటి వెనుక పాకలో ఒక డీజిలు అంబాసిడరు కారు ఉంది. అది 1996లో తయారైనది. మా చేతికి వచ్చేసరికే రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఆ తర్వాత ఎంత తిరిగిందో చెప్పలేము, ఎందుకంటే దాని మీటరు ఆగిపోయి చాలా ఏళ్లయింది. అంబాసిడర్ల తయారీ 2014లోనే నిలిచిపోయినా, ఉన్న బండ్లను జాగ్రత్తగా వాడుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ కారు మాకు నేర్పిన ఒక పాఠం గూర్చి ఈ నెల వ్రాస్తున్నాము. అంబాసిడరు లేనివారు కూడా చదవండి. జీపుకైనా, ట్రాక్టరుకైనా, పాత డీజిలు బండి దేనికైనా ఈ సంగతులు పనికివస్తాయి.

2011 ఆగస్టు నెలలో ముసురు పట్టిన ఒక రాత్రి మా పక్కింటి అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. మా ఊరు గోకవరం దగ్గర. రాజమండ్రి ఆస్పత్రికి ముప్పై కిలోమీటర్ల పైమాటే. అమ్మాయి తల్లి 108కి ఫోను చేద్దామన్నది. "పెరట్లో కారు పెట్టుకుని అంబులెన్సు ఎందుకమ్మా, గంటలో దింపేస్తాము" అన్నది మేమే.

కోరుకొండ చేరకముందే కారు మందగించింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా బండి ముందుకు లాగలేదు. కాసేపటికి ఇంజను రెండు మూడు సార్లు ఎగిరిపడి ఆగిపోయింది. పది నిమిషాలు ఆగి తాళం తిప్పితే స్టార్టయింది. ఒక కిలోమీటరు నడిచి మళ్లీ ఆగింది. బయట వాన, వెనుక సీట్లో ఆ బిడ్డ మూలుగు, చేతిలో టార్చిలైటు. ఆ అరగంటను మేము ఈనాటికీ మరువలేదు. చివరకు రోడ్డు మీద నుండే 108కి ఫోను చేశాము. వాళ్లు వచ్చి తీసుకువెళ్లారు. దేవుని దయవల్ల తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. కాని ఆ రాత్రి మేము సిగ్గుపడ్డాము. తప్పు కారుది కాదు, మాది.

ఎందుకంటే మూడు నెలలుగా కారు చెబుతూనే ఉంది. పొద్దున్నే స్టార్టు కావడానికి ఎక్కువసేపు తీసుకునేది. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే ఏ లోటూ కనిపించేది కాదు. నలుగురు ఎక్కినా, ఎత్తు తగిలినా నీరసపడేది. పాతబడింది కదా, ఇంతేలే అని సరిపెట్టుకున్నాము. డీజిలు ఫిల్టరు మార్చి ఎన్నాళ్లయిందని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు.

మరునాడు కారును తాడుకట్టి షెడ్డుకు చేర్చాము. చూసినవారిలో ఒకరు డీజిలు పంపు పోయిందని, విప్పి బాగుచేయించాలని, వేలల్లో ఖర్చవుతుందని చెప్పారు. అక్కడున్న పెద్ద మెకానిక్కు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "పంపు జోలికి ఇప్పుడే ఎందుకండీ? ముందు ఫిల్టరు విప్పుదాం. చవకైంది ముందు చూడాలండి, ఖరీదైంది తరవాత" అన్నాడు. ఫిల్టరు విప్పితే అడుగున అరగ్లాసు నీళ్లు, దానిపైన నల్లని జిగురు, తుప్పు పొడి కనిపించాయి. రెండు వందల రూపాయలలోపు ఖర్చుతో కారు మళ్లీ నడిచింది. చవకైనది ముందు చూడాలన్న ఆ మాటే ఈ వ్యాసానికి మూలం.

ఇంతకూ ఫిల్టరు చేసే పనేమిటి? ట్యాంకులోని డీజిలును ఫీడు పంపు లాగి ఫిల్టరులోకి పంపుతుంది. అక్కడ వడగట్టబడిన డీజిలు పెద్ద పంపుకు వెళ్లి, అక్కడి నుండి గొప్ప ఒత్తిడితో ఇంజెక్టర్లకు చేరుతుంది. పెద్ద పంపు లోపల కదిలే ముక్కల మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే. మన తలవెంట్రుక మందం దానికి ఎన్నో రెట్లు. ఆ ముక్కలకు వేరే ఆయిలు లేకుండా, దానిలో పారే డీజిలే కందెనగా పనిచేసే పంపులు చాలా ఉన్నాయి. కంటికి కనిపించని ఇసుక రేణువు చేరినా ఆ ముక్కలు గీసుకుపోతాయి. నీరు చేరితే తుప్పుపడతాయి. అందుచేత ఫిల్టరు మూసుకుపోవడం దాని తప్పు కాదు. మురికిని పట్టుకోవడమే దాని పని. నిండిన తర్వాత మార్చడం మన పని.

డీజిలులోకి నీరు ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే పైభాగంలో గాలి ఉంటుంది. రాత్రి చలికి ఆ గాలిలోని తేమ చెమటలాగా గోడలకు పట్టి కిందికి జారుతుంది. నీరు డీజిలుకంటే బరువైనది కనుక అడుగున చేరుతుంది. ఆ రెండూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు తయారవుతుంది. మన పొలాల్లో మరొక దారి కూడా ఉంది. డీజిలు డ్రమ్మును ఆరుబయట నిలబెడతాము. వానకు దాని మూత మీద నీరు నిలుస్తుంది. పగలు వేడెక్కిన డ్రమ్ము రాత్రి చల్లారినప్పుడు బిరడా సందులోంచి ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుచేత డ్రమ్మును నీడలో, పడుకోబెట్టి ఉంచండి. డ్రమ్ములోని డీజిలు బండికి పోసేముందు కదపకుండా ఒక రాత్రి తేరనివ్వండి. అడుగున ఉన్నదాన్ని వాడకండి.

ఇక ఫిల్టరు మార్చే విధానం. ఇంజను చల్లారనివ్వండి. బండిని సమనేల మీద, ఆరుబయట నిలిపి హ్యాండుబ్రేకు వేయండి. బ్యాటరీ నెగటివు తీగ ఊడదీయండి. దగ్గరలో బీడీ, దీపం, పొయ్యి ఉండరాదు. ముందుగా ఫిల్టరు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో డీజిలు తడిపి శుభ్రంగా కడగండి. చాలామంది ఈ పని చేయరు. విప్పేటప్పుడు ఆ మట్టి లోపల పడితే కొత్త ఫిల్టరు వేసి ప్రయోజనం లేదు.

కింద తట్ట పెట్టి, ఫిల్టరు అడుగున డ్రెయిను బిరడా ఉంటే ముందు దాన్ని తిప్పి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టండి. కాసేపు ఉంచితే నీరు అడుగున తేటగా విడిపోయి కనిపిస్తుంది. పాత బండ్లలో ఫిల్టరు ఒక గిన్నెలాంటి దానిలో ఉండి మధ్య బోల్టుతో బిగించబడి ఉంటుంది. బోల్టు విప్పితే గిన్నె చేతికి వస్తుంది. పాత ఫిల్టరు తీసివేసి, గిన్నెను శుభ్రమైన డీజిలుతో కడగండి. దూది, నూలు పోగులు వాడకండి, పీచు లోపల మిగిలిపోతుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది. పాత రబ్బరు రింగు పైభాగంలోని గాడికే అంటుకుని ఉండిపోతుంది. అది చూడక దానిమీదే కొత్త రింగు పెడితే ఎంత బిగించినా కారుతుంది. వేలితో తడిమి పాత రింగు తీసి, ఫిల్టరుతో వచ్చిన కొత్త రింగు వేయండి. గిన్నె లేకుండా డబ్బాలాగా మరలు తిరిగి బిగిసే రకమైతే, రింగుకు కాస్త డీజిలు రాసి చేతితో తిప్పండి. రింగు ఆనిన తర్వాత మరో అరచుట్టు నుండి ముప్పావుచుట్టు చాలు. బలంగా బిగిస్తే వచ్చేసారి విప్పలేరు.

అసలు కష్టం దీని తర్వాతే. ఫిల్టరు విప్పినప్పుడు లోపలికి గాలి చేరుతుంది. డీజిలు ఇంజనులో గాలి పట్టిందంటే అది స్టార్టు కాదు. చాలామంది ఇక్కడే బ్యాటరీ అయిపోయేదాకా తాళం తిప్పి, కొత్త ఫిల్టరు మంచిది కాదని అంటారు. ఫిల్టరు పైన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని రెండు చుట్లు వదులు చేయండి. ఫీడు పంపుకు ఉన్న చేతిమీటను పైకీ కిందికీ ఆడించండి. మొదట బుసబుసమని నురుగు వస్తుంది. బుడగలు పోయి డీజిలు ఏకధారగా వచ్చేదాకా ఆడించి, ధార వస్తూండగానే స్క్రూ బిగించండి. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర కూడా ఇలాగే చేయండి. మీట తేలికగా ఆడుతూ ఏమీ పట్టకపోతే భయపడకండి. ఇంజను ఆగినచోట లోపలి క్యాము పంపును నొక్కిపట్టి ఉండవచ్చు. ఇంజనును కొంచెం తిప్పితే మీటకు పట్టు వస్తుంది.

ఇప్పుడు బ్యాటరీ తీగ తగిలించి స్టార్టు చేయండి. ఒక్కసారికి పది, పదిహేను సెకన్లకు మించి తాళం తిప్పకండి. మధ్యలో స్టార్టరు మోటారును చల్లారనివ్వండి. ఇంజను స్టార్టయ్యాక తడి ఎక్కడైనా ఉందేమో చూసి, రెండు కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. స్టార్టయి ఒక్క నిమిషంలో ఆగిపోతున్నా, రాత్రి బాగానే ఉండి ఉదయం స్టార్టు కాకపోతున్నా ఇంకా ఎక్కడో గాలి దూరుతున్నదన్నమాట. ట్యాంకుకు, ఫీడు పంపుకు మధ్య గొట్టం పగిలితే ఇంజను నడిచేటప్పుడు డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కనుక తడి లేదని ఊరుకోక రబ్బరు గొట్టాలన్నిటినీ వంచి చూడండి.

ఒక హెచ్చరిక. ఇంజను తిరుగుతుండగా ఇంజెక్టరు గొట్టాల దగ్గర చేయి పెట్టకండి. అక్కడి డీజిలు ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న పోటులాగే కనిపించినా అది ఆపరేషను దాకా వెళ్లే గాయం. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కామన్‌రైలు ఉన్న కొత్త డీజిలు బండ్లలో ఈ ఒత్తిడి మరెన్నో రెట్లు ఎక్కువ. వాటి పని తెలిసిన మెకానిక్కుకే వదలండి.

తీసిన ఫిల్టరును వెంటనే పారవేయకండి. దానిని కోసి మడతలు విప్పి చూడండి. లోపల తుప్పు పొడి ఎక్కువగా ఉంటే ట్యాంకు లోపల పాడవుతున్నదని అర్థం. కొత్త ఫిల్టరు నెల తిరగకుండానే మూసుకుపోతే మరో ఫిల్టరు కొనడం కాదు, ట్యాంకు దింపి కడిగించడమే మార్గం. మా కారుకు చివరకు అదే చేయించాము. పట్టిన పాత డీజిలును బావి దగ్గర, కాలువలో పారబోయకండి.

పెట్రోలు కార్లవారికి రెండు మాటలు. పాత కార్బొరేటరు బండ్లలో గొట్టం మధ్య చిన్న ఫిల్టరు ఉంటుంది. దానిమీది బాణం ఇంజను వైపుకు ఉండాలి. ఇంజెక్షను బండ్లలో ఇంజను ఆపినా గొట్టంలో ఒత్తిడి నిలిచి ఉంటుంది, పెట్రోలు ఆవిరి త్వరగా అంటుకుంటుంది, కనుక ఇంట్లో చేయకపోవడమే మంచిది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుపుతున్నారు. అది పాత ట్యాంకులోని మురికిని కదిలించగలదు, పాత రబ్బరును మెత్తబరచగలదు. అందుచేత పాత పెట్రోలు కారుకు ఫిల్టరును, గొట్టాలను ఒకసారి చూపించుకోండి.

ఎంతకాలానికి మార్చాలన్నది బండి పుస్తకంలో ఉంటుంది. ట్రాక్టర్లకు తరచు రెండు ఫిల్టర్లు ఉంటాయి, రెంటికీ లెక్క వేరుగా ఉండవచ్చు. మేమైతే పదివేల కిలోమీటర్లకు ఒకసారి, లేదా ఏటా వానలకు ముందు మారుస్తున్నాము. మీటరు లేదు కనుక మార్చిన తేదీని ఫిల్టరు మీద తెల్లరంగుతో వ్రాస్తాము. నెలకొకసారి అడుగు బిరడా తిప్పి నీరు తీస్తాము. డిక్కీలో ఒక కొత్త ఫిల్టరు, దాని రింగులు, సరిపడే పానా ఎప్పుడూ ఉంటాయి.

మరొక అలవాటు కూడా చేసుకున్నాము. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ముందు 108కి ఫోను చేస్తాము, ఆ తర్వాతే కారు తాళాలు వెదుకుతాము. ఆనాడు అంబులెన్సులో వెళ్లిన అమ్మాయి కొడుకు ఇప్పుడు హైస్కూలులో చదువుతున్నాడు. మేము ఫిల్టరు మార్చే రోజున వాడే వచ్చి చేతిమీట ఆడిస్తాడు. బుడగలు పోయాయో లేదో మాకంటే వాడే ముందు చెబుతాడు.